మూడుసార్లు వినిపించిన శాక్సోఫోన్

“మొదటిసారి నాలుగూ ఐదు నిమిషాలకి,” అన్నాడు క్రంప్ బాబాయ్, కత్తిని తోలుపట్టీ మీద సాన పెడుతూ. “రేడియోలో వార్తలు అప్పుడే అయిపోయాయి. పైనుంచి శాక్సోఫోన్ వినపడింది. రేడియో కట్టేశాను.”

“రెండోసారి?”

“నాలుగూ పన్నెండు, పదమూడు. మూడోసారి నాలుగూ ఇరవై ఐదు. మూడుసార్లూ అదే పాట, అదే వాయింపు. ఇవే మాటలు ఆ సార్జెంటుకీ చెప్పాను. రాసుకున్నాడు. నువ్వూ రాసుకో లూథర్, నీ పుస్తకంలో ఏమన్నా మారుతుందేమో.”

రాసుకున్నాను. మంగళవారం ఉదయం పదకొండు గంటలు. సెలూన్లో మేమిద్దరమే ఉన్నాం. ఆ సెలూను పైగదిలోనే శనివారం సాయంత్రం వెండెల్ టిబ్స్ తల వెనక దెబ్బతో చనిపోయి కనిపించాడు. అతన్ని చంపాడని రూఫస్ మేబ్రీని పోలీసులు పట్టుకెళ్లి లాకప్‌లో వేశారు.

యుద్ధానికి ముందు కాన్సస్ సిటీలో పీబుల్స్ బ్యాండు అంటే పద్నాలుగు మంది. వెండెల్ శాక్సోఫోన్, రూఫస్ పియానో, నేను డ్రమ్స్. యుద్ధంలో నా ఎడమచేతి వేళ్లు రెండు పోయాయి. తిరిగొచ్చాక కర్రలు పట్టుకోలేక లూథర్ గేన్స్ అనే పేరు మీద ప్రైవేటు డిటెక్టివ్ లైసెన్సు తీసుకున్నాను. మిగతావాళ్లలో కొందరు పోయారు, కొందరు షికాగో వెళ్లిపోయారు. ఊళ్లో మిగిలిన వాయిద్యగాళ్లం ముగ్గురం. శనివారంతో ఇద్దరమయ్యాం. ఆ రెండోవాణ్ణి బయటికి తీసుకురావాలనే నేను ఈ కుర్చీలో కూర్చున్నాను.

“పైకి ఎవరెవరు వెళ్లారు బాబాయ్?”

“రూఫస్ ఒక్కడే. మెట్లు నా అద్దం ముందునుంచే కదా. నాలుగూ నలభైకి ఎక్కాడు. ఐదు నిమిషాలకి కేకలు పెట్టుకుంటూ దిగాడు. అంతకుముందు మధ్యాహ్నం నుంచీ పిల్లి కూడా ఎక్కలేదు.”

“నాలుగూ నలభైకి ముందు రూఫస్ ఎక్కడున్నాడు?”

“చర్చిలో. కీర్తనల రిహార్సల్‌కి పియానో వాయిస్తూ. నాలుగున్నర దాకా పాతికమంది అతన్ని చూశారు. సార్జెంటు ఆ మాటా కాదనడంలేదు. చచ్చింది ఆ తర్వాత అంటాడు. నాలుగూ ఇరవై ఎనిమిది దాకా వెండెల్ వాయిస్తూనే ఉన్నాడని నేనే చెప్పాను మరి.” క్రంప్ కత్తి పక్కన పెట్టేశాడు. “నా సాక్ష్యంతోనే రూఫస్‌ని పట్టుకెళ్లారు లూథర్. ఉన్నదున్నట్టు చెప్పాను. అయినా అన్నం సయించడంలేదు.”

“గొడవేదో అయిందట?”

“అది బుధవారం. ఇక్కడే, ఈ రెండు కుర్చీల్లో కూర్చుని. బ్యాండు గురించి రాయడానికి న్యూయార్క్ నుంచి పత్రికాయన వస్తున్నాడని కబురొచ్చింది కదా. బ్యాండుకి పేరు తెచ్చిన ఆ పాట మొదటి ముక్క నాదంటే నాదని ఇద్దరూ కొట్టుకున్నంత పని చేశారు. ‘నువ్వు ఆ మాట పత్రికలో చెబితే నీ పీక పిసుకుతా’ అన్నాడు రూఫస్. షాపులో ఆరుగురు విన్నారు. పదిహేనేళ్ల నుంచి నెలకోసారి అంటూనే ఉన్నాడు ఆ మాట. వారం తిరక్కుండా ఇద్దరూ కలిసి చేపల వేపుడు తింటూనే ఉన్నారు.”

“ఇంకేమైనా వినపడిందా? మాటలు, అడుగులు?”

“మాటలు వినపడవు. మధ్యలో ఒకసారి దబ్బుమని చప్పుడైంది. నాలుగూ పద్దెనిమిదికో ఇరవైకో. పైకప్పు సున్నం నా కస్టమర్ మీద రాలింది. సార్జెంటుకి చెప్పాను. ‘ఆ తర్వాత మళ్లీ వాయించాడు కదా, బుర్ర పగిలినవాడు వాయిస్తాడా’ అన్నాడు. నిజమేగా. కాలితో తాళం వేశాడేమో అనుకున్నాను.”

అది కూడా రాసుకుని కింద గీత గీశాను.

“ఒక్కటి చెప్పనా అబ్బాయ్,” అన్నాడు క్రంప్ గొంతు తగ్గించి. “ఏడాదిన్నరగా ఆ గదిలోంచి ఒక్క స్వరం వినపడలేదు. నోరు పాడైంది, పళ్లు కదులుతున్నాయి, ఇక వాయించలేనని తనే చెప్పాడు. శనివారం వినపడేసరికి నా చేతిలో కత్తి ఆగిపోయింది. కుర్చీలో ఉన్నాయన సబ్బు నురగతోనే లేచి నిలబడ్డాడు. ఏం వాయించాడనుకున్నావ్. ముప్ఫయ్యేళ్ల కుర్రాడిలా వాయించాడు. పైకెళ్లి కౌగిలించుకోవాలనుకున్నాను. పని అయ్యాక వెళ్దాంలే అనుకున్నాను.”

ఆయన తువ్వాలు మడతపెట్టి, విప్పి, మళ్లీ మడతపెట్టాడు. నేను గది తాళంచెవి తీసుకుని పైకి వెళ్లాను.

గది చిన్నది. ఒక మంచం, అద్దాల బీరువా, చేతులు కడుక్కునే తొట్టి, గోడవారన ఇనుప హీటరు. హీటరు అంచున ఎండిన నెత్తురు మరక అరచేయంత ఉంది. శనివారం శవం దాని పక్కనే నేలమీద, గోడవైపు తిరిగి ఉందట. ఛాతీ దాకా దుప్పటి కప్పి ఉందట. దుప్పటి తను కప్పలేదని, తను వెళ్లేసరికే ఉందని రూఫస్ మొదటినుంచీ చెబుతున్నాడు. ఎవరూ నమ్మలేదు.

తొట్టి దగ్గర గ్లాసులో ఉప్పునీళ్లు అడుగున మిగిలాయి. పక్కన నెత్తుటి దూది ఉండలు. అద్దానికి పళ్ల డాక్టరు చీటీ అంటించి ఉంది: గురువారం ఉదయం పది గంటలకి, పదకొండు పళ్లు. తీసేయడం అయినట్టు కింద టిక్కు పెట్టి ఉంది.

వేడిచేసే పొయ్యి మీద గిన్నెలో కోడి చారు. సగం కూడా తాగలేదు. ఆ గిన్నె మా అక్క కోరాది. ఒకప్పుడు మా బ్యాండులో పాడేది. వెండెల్‌తో పెళ్లి నిశ్చయమైంది కూడా. ముప్ఫైతొమ్మిదిలో బ్యాండు ఊళ్లు తిరగడానికి వెళ్లింది. వెండెల్ తిరిగి రావడానికి ఏడేళ్లు పట్టింది. అప్పటికి పెళ్లి మాట ఎత్తే ధైర్యం ఇద్దరికీ లేకపోయింది. కానీ అతనికి ఒంట్లో బాగాలేదంటే చాలు, చారు కాచి నా చేత పంపేది. శుక్రవారం ఈ గిన్నె తెచ్చిచ్చింది నేనే. అప్పుడు వెండెల్ మాట్లాడలేదు. చెయ్యి ఊపి అక్కడ పెట్టమన్నాడు, అంతే. నేను రెండు నిమిషాలైనా కూర్చోలేదు.

మంచం కింద శాక్సోఫోన్ పెట్టె ఉంది. తెరిచాను. నోట్లో పెట్టుకునే ముక్క విడిగా గుడ్డలో చుట్టి ఉంది. దాని రీడు, ఆ పల్చటి వెదురు బద్ద, ఎండి నిలువునా చీలింది. నెలల తరబడి తడి తగలని రీడు అది. దాంతో ఎవరూ ఒక్క స్వరం కూడా పలికించలేరు. పదకొండు పళ్లు పోయిన మూడోరోజున అసలే పలికించలేరు.

మరి క్రంప్ విన్నదేమిటి?

బీరువా మీద చిన్న గ్రామఫోన్ ఉంది. గదిలో రికార్డులు మాత్రం ఒక్కటీ లేవు. పోయినేడే అన్నీ పంచిపెట్టేశాడు, నాకూ నాలుగిచ్చాడు. అయినా గ్రామఫోన్ వైరు గోడకున్న ప్లగ్గులో ఉంది. దీపం వైరు పీకేసి నేలమీద పడేసి ఉంది. మూత ఎత్తి సూది చూశాను. సూది మొనకి వెంట్రుకంత సన్నని నల్లటి పోగు చుట్టుకుని ఉంది.

దుకాణంలో కొన్న రికార్డు నుంచి అలాంటి పోగు రాదు. ఇంట్లోనో రేడియో స్టేషన్లోనో అప్పటికప్పుడు గీసే మెత్తటి ప్లేటు నుంచే వస్తుంది. ఆ ప్లేట్లు సూది కింద ఇలా ఒలిచినట్టు రాలతాయి.

“ఎవరి అనుమతితో తాకుతున్నావ్?”

గుమ్మంలో సార్జెంట్ హార్గన్ నిలబడి ఉన్నాడు. టోపీ తీయలేదు. మా నల్లవాళ్ల పేటకి వస్తే ఎప్పుడూ తీయడు.

“ఈ ఇల్లు క్రంప్‌దే, ఆయనే తాళంచెవి ఇచ్చాడు సార్. మీవాళ్లు సోదా అయిపోయిందని ఆయనతో చెప్పారట.”

“అయిపోయింది. కేసు కూడా అయిపోయింది. నీ స్నేహితుడు ఒప్పుకోలు కాగితం మీద సంతకం పెట్టడమే తరువాయి.”

“పెట్టడు. ఇక్కడ చూడండి. ఈ రీడు చూడండి. పళ్ల డాక్టరు చీటీ చూడండి. వెండెల్ శనివారం వాయించలేదు. ఎవరో రికార్డు వేశారు.”

అతను రీడు చేతిలోకి తీసుకోలేదు. “క్రంప్ తన చెవులతో విన్నానన్నాడు.”

“మూడుసార్లు ఒకే పాట విన్నాడు. వెండెల్ పక్కన పన్నెండేళ్లు కూర్చున్నాను నేను. అతను ఏ పాటా రెండుసార్లు ఒకేలా వాయించలేదు. మా నాయకుడు పీబుల్స్ ఒకసారి కోప్పడ్డాడు, నిన్న వాయించినట్టు వాయించవయ్యా అని. ‘నిన్న వాయించినవాడు నిన్నే వెళ్లిపోయాడు’ అన్నాడు వెండెల్.”

“కథలు బాగా చెబుతావ్. డోలు కొట్టేవాళ్లందరూ ఇంతేనా? ఎనిమిది వేళ్లతో కేసు పట్టుకుందామని వచ్చావా?”

“ఆ దబ్బుమన్న చప్పుడు సంగతి చెప్పండి సార్. నాలుగూ ఇరవై. దాని తర్వాత శాక్సోఫోన్ వినపడింది కాబట్టి అది వెండెల్ పడ్డ చప్పుడు కాదని మీరు కొట్టేశారు. మోగింది రికార్డయితే? పడ్డది అప్పుడే. అప్పుడు రూఫస్ చర్చిలో ఉన్నాడు. పాతికమంది సాక్షులు.”

హార్గన్ మొహంలో ఒక్క క్షణం నవ్వు పోయింది. అతను మూర్ఖుడు కాడు. బద్ధకస్తుడు, అంతే. హీటరు వైపు, గ్రామఫోన్ వైపు చూశాడు.

“వాడు లోపలికెలా వచ్చాడు? మెట్లెక్కింది రూఫస్ ఒక్కడే. వెనక తలుపు లోపల్నుంచి గడియపడి ఉంది.”

నేను వెళ్లి వెనక తలుపు తీశాను. బయట సందులోకి దిగే ఇనుప మెట్లు. తలుపు చేత్తో లాగి వదిలాను. గడియ దానంతటదే టక్కున పడింది.

“వెండెల్ తీశాడు. వచ్చినవాళ్లు వెళ్తూ లాగారు. అదే పడింది.”

“ఎవరు వచ్చింది?”

“తెలియదు.”

“రికార్డేది?”

“తీసుకెళ్లారు.”

“అయితే నీ దగ్గరున్నది ఒక చీలిన బద్ద, ఒక నల్ల దారం.” అతను గుమ్మం దాకా వెళ్లి ఆగాడు. “విను. రేపు పదింటికి మేబ్రీని జడ్జి ముందు పెడుతున్నాం. ఆ లోపల ఆ రికార్డు తెచ్చి నా బల్లమీద పెట్టు, ఎవరింట్లో దొరికిందో చెప్పు. నేనే తాళం తీసి వాణ్ణి వదిలేస్తాను. తేలేకపోతే ఇంకోసారి నాకు ఈ గదిలో కనపడకు.”

అతని బూట్ల చప్పుడు మెట్లు దిగిపోయింది. నేను నోటుపుస్తకం మూసి కిందికి వెళ్లాను. ఇంట్లో గీసిన ప్లేట్లు ఈ పేటలో లెక్కలేనన్ని ఉంటాయి. ఏ పాటో తెలిస్తే ఎవరి దగ్గరుందో వెతకొచ్చు.

“బాబాయ్, ఆ పాట గొంతుతో ఒకసారి అను.”

“నేనా? నా గొంతు చూశావుగా, చర్చిలో నా పక్కన ఎవరూ నిలబడరు.”

“ఎలా వస్తే అలా అను. మూడుసార్లు విన్నావు కదా.”

క్రంప్ సిగ్గుపడుతూనే మొదలుపెట్టాడు. మామూలు నెమ్మది పాట, ఊళ్లో ప్రతి బ్యాండూ వాయించేదే. నేను తల ఊపుతూ విన్నాను. సగంలో ఆయన టక్కున ఆగాడు.

“ఇక్కడ మర్చిపోయావా?”

“లేదు, అతనే ఆగాడు. మూడుసార్లూ ఇక్కడే. ఎవరో పిలిస్తే తల తిప్పి చూసినట్టు. తర్వాత ఇలా అందుకున్నాడు.” క్రంప్ సన్నగా, పైనుంచి జారినట్టు రెండు స్వరాలు అన్నాడు. “నొప్పి పుట్టినప్పుడు ఆడపిల్ల అబ్బా అన్నట్టు లేదూ? అక్కడే నాకు కళ్లలో నీళ్లొచ్చాయి.”

నేను కుర్చీ చెయ్యి పట్టుకున్నాను.

“ఏమైందిరా? మొహం అలా అయిపోయిందేం?”

“ఏం లేదు బాబాయ్,” అని కోటు తీసుకుని బయటపడ్డాను.

ఆ ఆపు నేను విన్నాను. పదిహేనేళ్ల కిందట, ముప్ఫైఎనిమిది మార్చిలో ఒక ఆదివారం, మా వంటింట్లో. రేడియో స్టేషన్లో పనిచేసే స్నేహితుడు ప్లేట్లు గీసే మిషను ఒక్కరోజుకి ఇచ్చాడు. దాని ముందు కూర్చుని, లేచివచ్చే నల్లటి పోగుల్ని కుంచెతో తుడుస్తున్నది నేనే. వెండెల్ కుర్చీ మీద కాలు పెట్టి వాయిస్తున్నాడు. అక్క పొయ్యి దగ్గర చేపలు వేయిస్తోంది. నూనె చిట్లి చేతిమీద పడి అబ్బా అంది. వెండెల్ ఆగి చూశాడు. ఏం కాలేదని అక్క నవ్వింది. ఆ అబ్బానే అతను శాక్సోఫోన్‌లోకి తీసుకుని అక్కణ్ణుంచి పాట అందుకున్నాడు. అలాంటి ప్లేటు ఒక్కటే గీశాం. దాన్ని అక్క తన పెట్టెలో దాచుకుంది.

మా ఇల్లు ఏడు వీధుల అవతల. నా భార్య పోయినప్పటినుంచి అక్కా నేనూ ఒకే ఇంట్లో ఉంటున్నాం. దారిపొడవునా నాకు నేను సర్దిచెప్పుకుంటూనే నడిచాను. ఎవరో అడిగితే ఇచ్చి ఉంటుంది. ఎవరో దొంగిలించి ఉంటారు. డిటెక్టివ్ పనిలో ఏడేళ్లుగా ఎదుటివాళ్ల నోట ఇలాంటి మాటలు వింటూనే ఉన్నాను. ఒక్కటీ నమ్మలేదు.

అక్క వంటింటి బల్ల దగ్గర బఠాణీలు వలుస్తోంది. నేను గుమ్మంలోనే నిలబడ్డాను.

“అక్కా, వెండెల్ ప్లేటు ఎక్కడుంది?”

ఆవిడ చేతులు ఆగాయి. తల ఎత్తలేదు.

“నా పెట్టెలో.”

“శనివారం నాలుగు గంటలకి ఎక్కడుంది?”

అక్క బఠాణీల గిన్నె పక్కకి జరిపి ఒళ్లో గుడ్డ దులుపుకుంది.

“కూర్చో లూథర్. అలా పోలీసులా నిలబడకు.”

కూర్చున్నాను.

“చారు ముట్టకుండా పక్కన పెట్టించాడని శుక్రవారం నువ్వే చెప్పావు కదా. ఇక ఎప్పటికీ వాయించలేడు, అది తెలిసి తిండి మానేశాడేమో అనిపించింది. ప్లేటు వినిపిస్తే కాస్త లేస్తాడని వెనక మెట్ల మీదుగా వెళ్లాను. సెలూను ముందునుంచి వెళ్తే పేటంతా నవ్వుతుంది, ఈ వయసులో కోరా మళ్లీ వెండెల్ గదికి వెళ్లిందని.”

“విన్నాడా?”

“మొదటిసారి కళ్లు మూసుకుని విన్నాడు. ఇంకోసారి వెయ్యమని వేలితో సైగ చేశాడు. మళ్లీ వేశాను. అయిపోయాక లేచి నిలబడ్డాడు. పళ్లు లేక మాట సరిగా రావడంలేదు, అయినా నాకు అర్థమైంది. ‘వీడు చచ్చిపోయాడు కోరా. వీణ్ణి నా గదికెందుకు తెచ్చావ్’ అన్నాడు. ప్లేటు విరగ్గొడతానని లాక్కోబోయాడు. నేను వదల్లేదు.” ఆవిడ తన చేతుల వంక చూసుకుంది. “వదలాల్సింది. నాకున్నది అదొక్కటే లూథర్. గట్టిగా లాక్కున్నాను. మూడు రోజులుగా తిండి లేని మనిషి. వెనక్కి పడ్డాడు.”

“హీటరు మీద.”

“నెత్తురు నాకు కనపడలేదు. గోడవైపు తిరిగి ఉన్నాడు. అలిగితే అలాగే కదా పడుకునేవాడు, బస్సులో, హోటళ్లలో, నీకు తెలియదా. ఎన్నిసార్లు పిలిచినా పలకలేదు. ఏడ్చాను, తిట్టాను. తర్వాత మళ్లీ పెట్టాను ప్లేటు. నేను అబ్బా అన్న చోటికి వచ్చేసరికి ఎప్పుడూ నవ్వేవాడు. అక్కడికొస్తే ఇటు తిరుగుతాడని చూస్తూ కూర్చున్నాను.”

బయట ఎవరో తలుపు వేసుకున్న చప్పుడైంది. ఆవిడ ఆగి, మళ్లీ చెప్పింది.

“తిరగలేదు. చెయ్యి పట్టుకుంటే వెచ్చగానే ఉంది. జలుబు చేస్తుందని దుప్పటి కప్పి వచ్చేశాను.”

“మర్నాడు పొద్దున తెలిసింది కదా అక్కా. రూఫస్‌ని పట్టుకెళ్లారని కూడా తెలిసింది.”

“తెలిసింది.” మొదటిసారి నా కళ్లలోకి చూసింది. “నేను వచ్చేటప్పటికి బతికే ఉన్నాడని చెప్పుకున్నాను. రూఫస్ కోపిష్టివాడు, నా వెనక వెళ్లి ఏదో చేసుంటాడని చెప్పుకున్నాను. అలా అనుకోకపోతే, చచ్చిపోయినవాడి పక్కన కూర్చుని పాట పెట్టానని ఒప్పుకోవాలి. మూడు రోజులూ ఒప్పుకోలేకపోయాను. నువ్వు అడగకపోతే ఇవాళ కూడా ఒప్పుకునేదాన్ని కాదేమో.”

నన్ను పెంచింది ఆవిడే. నాకు మొదటి డ్రమ్ము కర్రలు చెక్కించి ఇచ్చింది కూడా ఆవిడే. అవతల రూఫస్ మూడు రోజులుగా సిమెంటు నేలమీద కూర్చుని ఉన్నాడు. తను చేయకపోయినా, తన ప్రాణస్నేహితుణ్ణి తనే చంపాడని ప్రతివాడూ అంటుంటే వింటున్నాడు. అతన్ని చూడటానికి నిన్న వెళ్లినప్పుడు ఒక్కటే అడిగాడు: వెండెల్‌ని పాతిపెట్టేటప్పుడు ఎవరు వాయిస్తారని.

అక్క లేచి లోపలికి వెళ్లింది. పెట్టె మూత తీసిన చప్పుడు వినపడింది. వచ్చేటప్పటికి చర్చికి వేసుకునే కోటు తొడుక్కుని ఉంది. చేతిలో గోధుమరంగు కాగితం కవరు. బల్లమీద నా ముందు పెట్టింది. దానిమీద వెండెల్ చేతిరాత: కోరా వంటిల్లు.

“విరగ్గొట్టాలంటే పొయ్యి అక్కడుంది,” అంది. “నేను విరగ్గొట్టలేను. రూఫస్ చచ్చిపోయినా విరగ్గొట్టలేను. అందుకే నీకిస్తున్నాను.”

కవరు చాలా తేలిగ్గా ఉంది. దాన్ని బల్లమీదే వదిలి గోడ దగ్గరకి నడిచి, టెలిఫోన్ తీసి పోలీస్ స్టేషన్ నంబరు అడిగాను. హార్గన్ లైన్లోకి రావడానికి రెండు నిమిషాలు పట్టింది. ఆ రెండు నిమిషాలూ అక్క కోటు గుండీలు ఒక్కొక్కటే పెట్టుకుంటూ నిలబడింది.

“ఏంటి గేన్స్? రికార్డు దొరికిందా?”

“దొరికింది సార్.”

అవతల కుర్చీ కిర్రుమంది. “ఎవరింట్లో?”

నేను అక్క వైపు చూశాను. ఆవిడ పైగుండీ పెట్టుకుని తల ఊపింది.

“చెప్పు,” అంది మెల్లగా.

“మా ఇంట్లో,” అన్నాను.